చిన్న చేపలు – పేరు తెలుసుకొనే పద్ధతి

ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులకు తెలుగు లిపి నేర్పునప్పుడు ఉపాధ్యాయులు మొదట హెచ్చరించేది పోలిక గల అక్షరాల విషయమే. ‘మ’, ‘య’ ఒకే తీరుగా కనిపిస్తాయి. ‘ధ’కూ ‘థ’కూ లోపలి చుక్క ఒక్కటే తేడా. ఉర్దూ లిపిలోనూ ఇదే స్థితి. బే, పే, తే, సే అనే నాలుగక్షరాల ఆకారం ఒక్కటే; నుఖ్తాలు ఎన్ని, పైన ఉన్నవా, క్రింద ఉన్నవా అన్నదే వాటిని విడదీస్తుంది. ‘దుఆ’ అని వ్రాసిన మాటకు ఒక్క నుఖ్తా అదనంగా చేరితే ‘దగా’ అవుతుంది. అక్షరం మొత్తం ఆకారాన్ని చూసి చదివేవాడు పొరబడతాడు. ఏ గుర్తు దగ్గర ఆగి చూడాలో తెలిసినవాడు పొరబడడు.

చిన్న మంచినీటి చేపల విషయం సరిగ్గా ఇట్టిదే. అంగుళం, అంగుళమున్నర పొడవు మాత్రమే ఉండి, గాజు తొట్టిలోనో బావిలోనో తిరిగే చేపలలో అనేక జాతులు మొదటి చూపుకు ఒక్కటిగానే తోస్తాయి. వాటిని వేరు చేసి చెప్పడం కేవలం వినోదం కొరకు కాదు. మన సాతంరాయి, శంషాబాద్ ప్రాంతంలో దీనికి ఆరోగ్యంతోను, చెరువుల క్షేమంతోను సంబంధం ఉన్నది. కనుకనే ఈ విషయాన్ని విద్యార్థుల ముందుంచ దలచినాము.

మన ప్రాంతంలో పాత వ్యవసాయ బావులున్నవి. మసీదులలో వుజూ కొరకు హౌజులున్నవి. ఇండ్లలో సంపులు, సిమెంటు తొట్లు ఉన్నవి. తోటలలో తామర కుంటలున్నవి. వీటిలో దోమలు పెరగకుండా చిన్న చేపలను వదలడం చాలా కాలంగా ఉన్న అలవాటు. మహానగర పాలక సంస్థ కీటక నివారణ సిబ్బంది చెరువులలో గంబూసియా చేపలను విడిచినట్లు పత్రికలలో తరచు వార్తలు వస్తుంటాయి. అయితే సామాన్య వ్యవహారంలో ‘దోమల చేప’ అనే ఒకే పేరుతో కనీసం మూడు వేర్వేరు చేపలు చెలామణి అవుతున్నవి. ఒకటి గంబూసియా, రెండవది గప్పీ, మూడవది మన దేశపు పాంచాక్స్. మొదటి రెండూ పరదేశాల నుండి వచ్చినవి. మూడవది ఇక్కడిదే. ఈ మూడింటి భేదం తెలియక ఒకదానికి బదులు మరొకటి వదిలితే మేలు జరగకపోగా కీడు జరిగే అవకాశమున్నది.

ఈ చేపలు మన దేశానికి ఎందుకు వచ్చినవో కొంత తెలుసుకొనుట అవసరం. 1897 ఆగస్టు 20వ తేదీన సర్ రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించినాడు. ఆ కృషికి 1902లో నోబెల్ బహుమతి లభించింది. బేగంపేటలో ఆయన పేరిట ఉన్న సంస్థ ఆ పరిశోధనకు జ్ఞాపకచిహ్నం. మలేరియాకు మూలం దోమ అని స్థిరపడిన తరువాత, దోమను నీటిలో ఉన్న దశలోనే అంతం చేయాలన్న ఆలోచన ప్రపంచమంతటా బలపడింది. 1905లో టెక్సాస్ నుండి హవాయి దీవులకు గంబూసియాను తరలించినారు. 1921లో అది స్పెయిన్‌కు, పిమ్మట ఇటలీకి చేరింది. ఇటలీ నుండి 1928లో మన దేశానికి వచ్చింది. 1971లో కేంద్రప్రభుత్వం పట్టణ మలేరియా పథకాన్ని ఆరంభించినది. లార్వాలను తినే చేపల వినియోగం నేటికీ దోమల నివారణ కార్యక్రమంలో ఒక భాగంగా ఉన్నది.

ఇక గుర్తించే పద్ధతికి వద్దాము. ముందుగా అలంకారం కొరకు పెంచే చేపలలో నుండి ఒక సులభమైన ఉదాహరణ తీసుకొందాము. దుకాణాలలో ‘నియాన్ టెట్రా’, ‘కార్డినల్ టెట్రా’ అనే రెండు చేపలు పక్కపక్కనే అమ్ముతారు. రెండింటికీ దక్షిణ అమెరికాయే పుట్టిల్లు. రెండింటికీ పక్క భాగంలో మెరిసే నీలి చార, దాని క్రింద ఎర్రని చార ఉంటాయి. శాస్త్రజ్ఞులు మొదటిదానికి 1936లో, రెండవదానికి 1956లో పేరు పెట్టినారు. భేదమెక్కడున్నది? ఎర్ర చార పొడవులో ఉన్నది. నియాన్‌లో ఎరుపు శరీరం మధ్య నుండి తోక వరకు మాత్రమే ఉంటుంది. కార్డినల్‌లో అది ముందు నుండి తోక దాకా సాగి ఉంటుంది. ఈ ఒక్క గుర్తు తెలిసినవాడు నీలం ఎంత మెరిసినా మోసపోడు.

ఈ ఉదాహరణలో ఒక సూత్రమున్నది. చూడవలసినది రంగు ఎంత గాఢంగా ఉన్నదని కాదు. ఆ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదని. చేప రంగు నమ్మదగిన సాక్షి కాదు. రాత్రి చీకటిలో నియాన్ చేప రంగు వెలవెలబోతుంది. బెదిరిన చేప, జబ్బుపడిన చేప, అప్పుడే కొత్త నీటిలోకి మార్చిన చేప పాలిపోతాయి. పెంపకందారులు ఏరి ఏరి జత కలపడం వలన ఒకే జాతిలో పదుల కొలది రంగులు పుట్టినవి. కాని రెక్క ఎక్కడ మొలచినది, తోక అంచు ఏ ఆకారంలో ఉన్నది అనేవి గడియకొక తీరుగా మారేవి కావు. చేప రెక్కలను మన శాస్త్రగ్రంథాలు ‘వాజాలు’ అంటాయి. విద్యార్థులు వాడుకగా రెక్కలనే అనుకొనవచ్చును.

ఇప్పుడు మన ‘దోమల చేపల’ను పరిశీలింతము. గంబూసియా, గప్పీ, పాంచాక్స్ – ఈ మూడూ ఒకదానినొకటి పోలి ఉండుటకు కారణమేమి? అవి చేసే పని ఒక్కటే కావడం. మూడూ నీటి పైపొరలో తిరిగే చేపలు. గాలి తగిలే ఆ పలుచని పొరలోనే ప్రాణవాయువు ఎక్కువ. దోమ లార్వాలు శ్వాస కొరకు చేరేదీ అక్కడికే. ఆ చోట ఆహారం అందుకోవలెనన్న చేపకు తలపై భాగం చదునుగా ఉండాలి, నోరు పైకి తెరచుకొనేటట్లు ఉండాలి. మూడింటికీ అట్లే ఉన్నవి. కనుక మొత్తం ఆకారం చూచినచో వృత్తి తెలుస్తుంది గాని వంశం తెలియదు. వంశం తెలియాలంటే నాలుగు గుర్తులను వరుసగా చూడాలి.

మొదటి గుర్తు తోక. తోక రెక్క మధ్యలో చీలి రెండు కొసలుగా ఉన్నదా, లేక విసనకర్ర వలె గుండ్రంగా ఉన్నదా? రెండు కొసలుగా చీలి ఉంటే అది ఈ మూడింటిలో ఏదీ కాదు. బొచ్చె, రోహు వంటి చేపల పిల్ల కావచ్చును. చారల డానియో వంటి చేప కావచ్చును. వాటికి వీపు రెక్క కూడ సుమారు శరీరం మధ్యభాగంలో ఉంటుంది. డానియోలలో ఒకటైన జీబ్రా చేపను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానదీ చేపలపై వ్రాసిన గ్రంథంలో వర్ణించినాడు. అది నేడు ప్రపంచమంతటి ప్రయోగశాలలలో పెరుగుతున్న మన దేశపు చేప. తోక గుండ్రంగా ఉండి, వీపు రెక్క బాగా వెనుకకు జరిగి ఉంటే రెండవ గుర్తుకు పోవలెను.

రెండవ గుర్తు నడినెత్తి. చేపను పక్క నుండి గాక పై నుండి చూడండి. తల నడిమి భాగంలో వెండి చుక్క వలె మెరిసే తెల్లని మచ్చ ఉన్నచో అది పాంచాక్స్ వర్గానికి చెందినది. బావి గట్టు మీద నిలిచి చూచినా ఈ చుక్క కానవస్తుంది. గంబూసియాకు, గప్పీకి ఇది ఉండదు. అక్షరం మీది నుఖ్తా వంటిదే ఇది; ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. మరొక విశేషమేమనగా పాంచాక్స్‌లో పొట్ట దిగువ వెనుక భాగాన ఉండే రెక్క, అనగా పాయు వాజం, వీపు రెక్క కంటె చాలా పొడవైన మొదలు కలిగి ఉంటుంది. ఈ వర్గంలో పాంచాక్స్ జాతిని కూడ హామిల్టనే 1822లో వర్ణించినాడు. పక్కలపై నిలువు చారలు గల మరొక జాతి మన దక్షిణ భారతంలో ఉన్నది. ఇవి గ్రుడ్లు పెట్టి, వాటిని నీటి మొక్కలకు అంటించే చేపలు.

మూడవ గుర్తు మగచేప పాయు వాజం. గప్పీ, గంబూసియాలు గ్రుడ్లు పెట్టవు, పిల్లలను కంటాయి. అందుచేత వాటి మగచేపలలో పాయు వాజం విసనకర్ర వలె గాక, సన్నని పుల్ల వలె మారి, వెనుకకు వాలి ఉంటుంది. ఆడచేప గర్భంలోనికి బీజాన్ని చేర్చే సాధనమది. పాంచాక్స్ మగచేపకు ఇట్టి పుల్ల ఉండదు. ఇక పుల్ల ఉన్న రెండింటిలో ఏది ఏదని తెలుసుకొనుట మగచేపలలో సులభమే. గప్పీ మగచేపకు నారింజ, నలుపు, నీలం మచ్చలుంటాయి. మురికి కాలువలో పెరిగిన గప్పీకి సైతం కొద్దిగానైనా అవి కనిపిస్తాయి. గంబూసియా మగచేప బూడిద రంగుదే. రంగు నమ్మదగినది కాదంటిమి గదా అని విద్యార్థులు అడుగవచ్చును. రంగు వెలిసినా మచ్చల స్థానం కనిపిస్తుంది; అయినా ఈ గుర్తుకు పుల్ల రెక్క సాక్ష్యం తోడైనప్పుడే మేము దానిని అంగీకరిస్తున్నాము.

నాలుగవది, అన్నింటి కంటె కష్టమైనది, ఆడచేపలను వేరు చేయుట. గప్పీ ఆడచేప, గంబూసియా ఆడచేప రెండూ బూడిద వర్ణంలోనే ఉంటాయి. రెండింటికీ పొట్ట చివర గర్భాన్ని సూచించే నల్లని మచ్చ ఉంటుంది. చాలామంది ఈ మచ్చను చూసి ‘ఇది గంబూసియాయే’ అంటారు. అది సరి కాదు. ఉమ్మడి గుర్తుతో పేరు నిర్ణయించరాదు. చూడవలసినవి వేరు. గంబూసియా తోక రెక్క మీద, వీపు రెక్క మీద సన్నని నల్ల చుక్కలు వరుసలు తీరి ఉంటాయి. అనేక చేపలలో కంటి క్రింద కన్నీటి జాడ వంటి నల్లని గీత కూడ ఉంటుంది. వీపు రెక్క పాయు వాజం మొదలైన చోటు కంటె స్పష్టంగా వెనుక మొదలవుతుంది. సాధారణమైన గప్పీ ఆడచేప రెక్కలపై ఇట్టి చుక్కల వరుసలుండవు. ఒంటి మీది పొలుసుల అంచులు మాత్రం వల అల్లినట్లు కనిపిస్తాయి. దాని శాస్త్రీయ నామంలోని ‘రెటిక్యులేటా’ అనే లాటిన్ మాటకు వలవంటిదనే అర్థం. ఒక్క గుర్తుతో తృప్తి పడక, కనీసం రెండు గుర్తులు కలిసినప్పుడే పేరు చెప్పవలెను.

ఇంత చూచినా ఇంకొక మెట్టు మిగులుతుంది. గంబూసియాలో అఫినిస్, హోల్‌బ్రూకీ అనే జాతులున్నవి. 1980ల చివరి వరకు వీటిని ఒకే జాతి యొక్క రెండు తెగలుగా ఎంచినారు. హోల్‌బ్రూకీ వీపు రెక్కలో సాధారణంగా ఒక కిరణం ఎక్కువ. మగచేప పుల్ల రెక్కలోని ఒక కిరణం మీద సూక్ష్మమైన పండ్లుంటాయి. వీటిని చూచుటకు సూక్ష్మదర్శిని కావలెను. ఐరోపాకు చేరినది హోల్‌బ్రూకీయే అని తరువాత తేలినది. మనకు ఇటలీ నుండి వచ్చింది గనుక పాత పుస్తకాలలో ‘అఫినిస్’ అని ఉన్నచోట ఆ పేరును పునఃపరిశీలించవలసి ఉన్నది. విద్యార్థులు ‘గంబూసియా’ అని చెప్పి ఆగినచో తప్పు లేదు. తెలిసినంత మేరకు చెప్పి ఆగుట కూడ శాస్త్రపద్ధతియే.

పరిశీలన విధానం గురించి ఒక మాట. చేపను అరచేతిలో పట్టి చూడరాదు. అది గాయపడుతుంది, రెక్కలు ముడుచుకొంటుంది. గుండ్రని సీసా వద్దు. దాని వంపు వలన ఆకారం సాగి కనిపిస్తుంది. చదునైన గాజు పలకలు గల చిన్న పెట్టెలో చేప ఉన్న నీటినే పోసి, కిటికీ వెలుతురులో ఉంచి, కాసేపు కదలకుండా చూడాలి. కుళాయి నీరు పోయదలచినచో ఒక రోజు నిలువ ఉంచి పోయాలి. క్లోరిన్ చేపలకు హాని. తోక, నెత్తి, పాయు వాజం, రెక్కల మీది చుక్కలు – ఈ క్రమంలోనే చూసి, ఒక్కొక్కటి కాగితం మీద వ్రాసుకోవాలి. పేరు చివర వ్రాయాలి. పేరు ముందే అనుకొని గుర్తులు వెదికినవానికి ఆ గుర్తులే కనిపిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకని కొందరడుగవచ్చును. రెండు కారణాలు చెప్పగలము. మొదటిది పని జరగడం. గప్పీ సేంద్రియ మలినం గల నీటిని బాగా ఓర్చుకొంటుంది. కనుక మురికి కాలువలలో, క్యూలెక్స్ దోమ పెరిగే చోట అది బ్రతికి పని చేస్తుంది. గంబూసియాకు అంతటి మురుగు పడదు. దానికి శుభ్రమైన నీరు కావాలి. పట్టణ మలేరియాను వ్యాపింపజేసే స్టీఫెన్సీ జాతి అనాఫిలిస్ దోమ బావులలో, నీటి తొట్లలో, శుభ్రమైన నీటిలోనే పెరుగుతుంది. గప్పీ అనుకొని గంబూసియాను మురికి గుంటలో వదిలితే చేపలు చస్తాయి, దోమలు మిగులుతాయి. ఇక డెంగీని కలిగించే ఏడిస్ దోమ కూలర్లలో, పాత టైర్లలో, పూలకుండీల పళ్లెములలో పెరుగుతుంది. అచ్చట ఏ చేపా పనికిరాదు. వారానికొకసారి నీరు పారబోసి ఆరబెట్టడమే మార్గం.

రెండవ కారణం మరింత గంభీరమైనది. గంబూసియా దోమ లార్వాలను మాత్రమే తినే చేప కాదు. ఇతర చేపల గ్రుడ్లను, పిల్లలను, కప్పల తోకపిల్లలను కూడ తింటుంది. తనకంటె పెద్ద చేపల రెక్కలను కొరుకుతుంది. ఆస్ట్రేలియాకు 1925లో వచ్చిన ఈ చేప అక్కడి నీటి ఊటలలో మాత్రమే బ్రతికే ఎర్రరెక్కల నీలికన్ను చేపను అంతరించే స్థితికి తెచ్చినది. ప్రపంచంలో అత్యంత హానికరమైన నూరు పరదేశ జీవుల పట్టికలో గంబూసియా పేరున్నది. గర్భం ధరించిన ఒక్క ఆడచేప చాలు, కుంట నిండుటకు. ఎందుచేతననగా గప్పీ, గంబూసియా ఆడచేపలు ఒకసారి పొందిన బీజాన్ని నిలువ చేసుకొని మగచేప లేకున్నను మరల మరల పిల్లలను కనగలవు. మన వెండిచుక్క పాంచాక్స్ కూడ లార్వాలను తినే చేపయే. ఉపకారం చేయుటకు పిలిచిన అతిథి, ఆ ఉపకారమే చేస్తున్న ఇంటివానిని వెళ్లగొట్టుట న్యాయం కాదు గదా.

మనకు హిమాయత్ సాగర్ దూరంలో లేదు. 1908 నాటి మూసీ వరదల పిమ్మట నగర రక్షణకు, తాగునీటికి నిర్మించిన జలాశయాలలో అది ఒకటి, 1927లో పూర్తయినది. 2008లో విమానాశ్రయం ప్రారంభమైనది మొదలు మన చుట్టూ ఇండ్లు, తోటలు, అలంకార కుంటలు పెరిగినవి. తొట్టి శుభ్రం చేసినప్పుడు మిగిలిన చేపలను ‘పాపం, బ్రతకనీ’ అని కాలువలోనో చెరువులోనో వదిలేవారున్నారు. దయతో చేసినదైనా అది చెరువుకు దయ కాదు. వానకాలంలో కాలువ నీరు ఎక్కడెక్కడికి పోతుందో ఎవరూ ఊహించలేరు. పరదేశపు చేపను నాలుగు గోడల హౌజులో, మూత ఉన్న తొట్టిలో, వేరొక నీటితో కలయని బావిలో ఉంచవచ్చును. పారే నీటిలో, చెరువులో వదలరాదు. అధికమైన చేపలను పెంచేవారికి గాని, అమ్మేవారికి గాని తిరిగి ఇవ్వవలెను.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన ప్రాంగణంలో ఒక గాజు తొట్టి పెట్టించుటకు పెద్ద వ్యయం కాదు. అందులో మూడు అరలు చేసి గంబూసియా, గప్పీ, పాంచాక్స్‌లను విడివిడిగా ఉంచి, ఒక్కొక్కదాని క్రింద తెలుగు, ఉర్దూ భాషలలో నాలుగు మాటలు వ్రాయించిన చాలు: పేరు, పుట్టిన దేశం, గుర్తు, ఎక్కడ వదలరాదు. ఆ ఫలకాలు వ్రాసే బాధ్యత జంతుశాస్త్ర విద్యార్థులది; భాష దిద్దే పని మేము సంతోషంతో చేయగలము. విద్యార్థులు తమ వీధి మసీదు హౌజులోను, ఇంటి బావిలోను ఉన్న చేపలను ఈ నాలుగు గుర్తులతో చూసి వచ్చి, చూచినది తేదీతో సహా ఒక రిజిస్టరులో వ్రాసినచో రెండు మూడు సంవత్సరాలలో సాతంరాయి నీళ్లలో ఏ చేప ఎక్కడ ఉన్నదో తెలిపే ఒక చిన్న పట్టిక సిద్ధమవుతుంది. ఏ నీటిలో ఏ చేపను వదలాలో, ఏ నీటిని దాని మానాన విడిచిపెట్టాలో అప్పుడు ఊహతో కాక ఆధారంతో చెప్పగలము.